నాలుగు రన్‌వేలు, ఒక సుబాబుల్ అడవి

పసిఫిక్ పటం మీద టోక్యో దగ్గర వేలు పెట్టి దక్షిణానికి జరుపుకుంటూ వస్తే, దాదాపు 2,400 కిలోమీటర్ల తర్వాత మరియానా దీవులు తగులుతాయి. వాటిలో ఒకటి టినియన్. దీవి మొత్తం కలిపి నూరు చదరపు కిలోమీటర్లు, అంతే. ఉపగ్రహ చిత్రంలో దాని ఉత్తర కొసను పెద్దది చేసి చూడండి. దట్టంగా పరుచుకున్న పచ్చదనం మధ్యలో తూర్పు పడమరలుగా, ఒకదానికొకటి సమాంతరంగా, నాలుగు తిన్నటి గీతలు కనిపిస్తాయి. వాటిని కలుపుతూ మెలికలు తిరిగిన దారులు, ఆ దారుల పక్కన వరసగా గుండ్రటి మచ్చలు. దీని పేరు నార్త్ ఫీల్డ్. 1945 వేసవిలో ప్రపంచంలోకెల్లా పెద్ద వైమానిక స్థావరమని దీన్నే చెప్పేవారు. యుద్ధం ముగిసిన రెండేళ్లకే దిక్కూమొక్కూ లేకుండా పోయింది.

హిరోషిమా మీద అణుబాంబు వేసిన విమానం ఇక్కణ్ణుంచే లేచింది. అందుకే టినియన్ పేరెత్తగానే అందరూ ఆ ఒక్క రాత్రి దగ్గరే ఆగిపోతారు. ఆ రాత్రి గురించి కొంత చెప్పక తప్పదు, చెబుతాను. కానీ ఈ అధ్యాయంలో మనకు పని ప్రధానంగా శిథిలాలతో. పాడుబడ్డ విమానాశ్రయంలో ఏది మిగిలింది, ఏది పోయింది, ఎందుకని? టినియన్‌లో ఈ ప్రశ్నకు వచ్చే జవాబు కొంచెం తలకిందులుగా ఉంటుంది. ఇనుము పెట్టి గట్టిగా కట్టినవి పెచ్చులూడి కూలిపోతున్నాయి. హడావుడిగా రాతిపొడి పరిచి రోలరు తోలిన బాటలు మాత్రం దాదాపు ఎనభై ఏళ్లుగా పడి ఉన్నాయి.

ముందు ఇక్కడ విమానాశ్రయం ఎందుకొచ్చిందో చూద్దాం. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఈ దీవులు జపాన్ పాలనలోకి వెళ్లాయి. టినియన్‌లో సాగుకు పనికొచ్చే నేలంతా దాదాపుగా చెరుకు తోటలైపోయింది. ఉన్న అడవి అప్పుడే చాలావరకు పోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఉత్తర కొసన జపాన్ నౌకాదళం ఉషి పాయింట్ అనేచోట ఒక రన్‌వే వేసుకుంది. 1944 జులై 24న అమెరికన్ సేనలు దిగి, ఆగస్టు 1 నాటికి దీవిని స్వాధీనం చేసుకున్నాయి. వాళ్లకు కావలసింది చెరుకు కాదు, దూరం. బి-29 అనే కొత్త బాంబరు ఇక్కణ్ణుంచి లేచి, జపాన్ దాకా వెళ్లి, మళ్లీ ఇక్కడికే తిరిగి రాగలదు. అంతకుముందు ఇవే విమానాలు మన ఖరగ్‌పూర్ చుట్టుపక్కల స్థావరాల నుంచి హిమాలయాలు దాటి, చైనాలో దిగి, అక్కడ ఇంధనం నింపుకుని జపాన్ మీదకు పోయేవి. ఆ ఇంధనాన్ని కూడా విమానాల్లోనే చైనాకు మోసుకుపోవాలి. అంత తంటా పడినా అక్కణ్ణుంచి జపాన్ దక్షిణ కొస మాత్రమే అందుబాటులో ఉండేది. మరియానాలు దొరికాక ఆ బాధ తప్పింది. ఓడల్లో సరాసరి పెట్రోలు, బాంబులు దిగాయి.

వెళ్లి రావడానికి పన్నెండు పదమూడు గంటలు. అంతసేపు ఎగరాలంటే విమానం కడుపు నిండా ఇంధనం కావాలి. ఇంధనం బరువు. బాంబులూ బరువే. నార్త్ ఫీల్డ్ రూపురేఖలన్నీ ఈ బరువు దగ్గర మొదలవుతాయి.

విమానం రెక్కల కింద పుట్టే ఎత్తుడు బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బరువు ఎక్కువైతే నేల విడవడానికి కావలసిన వేగమూ ఎక్కువవుతుంది. అదే ఇంజన్లతో, ఎక్కువ బరువును, ఎక్కువ వేగానికి తేవాలి కాబట్టి పరుగు దూరం రెండు వైపుల నుంచీ పెరుగుతుంది. ఉజ్జాయింపుగా బరువు పది శాతం పెరిగితే పరుగు ఇరవై శాతం పైనే పెరుగుతుంది. దానికితోడు ఉష్ణమండలపు వేడి ఒకటి. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 28 డిగ్రీల గాలి సుమారు 4 శాతం పలచన. పలచటి గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది. ఇవన్నీ కలిపి లెక్కేసుకుని సీబీస్ అనే అమెరికన్ నౌకాదళ నిర్మాణ దళాలు నార్త్ ఫీల్డ్‌లో ఒక్కొక్క రన్‌వేను 8,500 అడుగులు, అంటే దాదాపు 2,590 మీటర్ల పొడవున వేశాయి. 1944 డిసెంబరులో మొదటిది పూర్తయింది, 1945 మే నాటికి నాలుగోది. దీవిలో పనిచేసిన సీబీస్ పదిహేను వేల మంది. పనిలో పనిగా వాళ్లు దీవి ఆకారం న్యూయార్క్‌లోని మన్‌హటన్‌లా ఉందని పసిగట్టి, రోడ్లకు బ్రాడ్‌వే, ఫార్టీసెకండ్ స్ట్రీట్ అని పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లు ఇప్పటికీ పోలేదు.

నాలుగూ ఒకే దిక్కుకు ఎందుకు? బ్రిటన్‌లో అదే కాలపు పాడుబడ్డ ఎయిర్‌ఫీల్డులను పైనుంచి చూస్తే మూడేసి రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటూ త్రిభుజంలా ఉంటాయి. అక్కడ గాలి ఇవాళ ఒకవైపు నుంచి, రేపు ఇంకోవైపు నుంచి వీస్తుంది. ఎటు వీచినా ఎదురుగాలికి దగ్గరగా ఉండే రన్‌వే ఒకటి ఉండాలని ఆ ఏర్పాటు. టినియన్‌లో ఆ గొడవ లేదు. ఏడాదిలో ఎక్కువ భాగం తూర్పు, ఈశాన్యాల నుంచి వ్యాపార పవనాలు నిలకడగా వీస్తూనే ఉంటాయి. ఎదురుగాలి ఎంత మేలు చేస్తుందో చిన్న లెక్క వేద్దాం. నేల విడవడానికి గంటకు 225 కిలోమీటర్ల వేగం కావాలనుకోండి. అది గాలితో పోల్చి చూసిన వేగం, నేలతో కాదు. ఎదురుగా 25 కిలోమీటర్ల గాలి ఉంటే నేల మీద 200 అందుకుంటే చాలు. పరుగు దూరం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అయిదో వంతు రన్‌వే ఆదా. అలా తూర్పుకు పరిగెత్తిన విమానం రన్‌వే దాటగానే కింద సముద్రం. బరువుతో లేచిన బి-29 పైలట్లు అక్కడ వెంటనే ఎత్తుకు పోకుండా, నీళ్ల మీదకు కాస్త దించి వేగం కూడగట్టుకునేవాళ్లు. ఆ విమానం ఇంజన్లకు వేడెక్కి అంటుకునే జబ్బు ఉండేది. వేగం పెరిగితే గాలి తగిలి అవి చల్లబడతాయి.

వంపు దారుల పక్కనున్న గుండ్రటి మచ్చలు విమానాలు నిలిపే తళాలు, హార్డ్‌స్టాండ్లు. రెండు వందలకు పైగా ఉంటాయి. ఒకటి పేలితే పక్కది అంటుకోకుండా దూరదూరంగా పెట్టారు. పేలుడు ఒత్తిడి దూరంతో చాలా వేగంగా పడిపోతుంది మరి.

ఇక రాయి సంగతి. ఈ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

టినియన్ అడుగున అగ్నిపర్వత శిల ఉన్నా పైనంతా సముద్రంలోంచి పైకి లేచిన పగడపు సున్నపురాయి. నదులు లేవు. కురిసిన వాన రాతి రంధ్రాల్లోంచి లోపలికి ఇంకిపోతుంది. రోడ్డు వేసేవాడికి ఇంతకు మించిన వరం లేదు. రోడ్డును మొదట చంపేది లారీ కాదు, కింద నిలిచిన నీరు. సీబీస్ గుట్టలు తవ్వి, ఆ పగడపు రాతిని పరిచి, తడిపి, రోలర్లతో తొక్కించారు. పైన సుమారు రెండు అంగుళాల తారు పొర వేశారు. సిమెంటు కాంక్రీటు పలకలు కావివి. అరవై టన్నుల పైబడిన విమానాలను రోజూ మోసింది ఆ తొక్కించిన రాతిపొడే.

అదెలా సాధ్యం? పగడపు రాయి అంటే కాల్షియం కార్బొనేటు. నలిగినప్పుడు పెద్ద ముక్కలతో పాటు పిండిలాంటి సన్నపు పొడి కూడా వస్తుంది. నీరు పోస్తే ఆ పొడి అంచులు కొద్దిగా కరుగుతాయి. ఆరేటప్పుడు కరిగింది మళ్లీ స్ఫటికమై రేణువుకూ రేణువుకూ మధ్య అతుకు వేస్తుంది. పసిఫిక్ దీవుల్లో పనిచేసిన సీబీస్ ఇంకో సంగతి కనిపెట్టారు: మంచినీళ్లకు బదులు సముద్రపు నీళ్లు చల్లితే బాట ఇంకా బిగుస్తుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, అతుకు నెమ్మదిగా, బాగా పడుతుంది. మన పాత మిద్దెలకు వాడిన గానుగ సున్నానిదీ ఈ కుటుంబమే. అక్కడ సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లలో విరగబెట్టి, గోడకు పూస్తే అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. టినియన్‌లో బట్టీ పని లేకుండానే రాయి రాయితో కలిసింది. వాన కురిసిన ప్రతిసారీ కొంచెం కరగడం, ఎండకాసినప్పుడు మళ్లీ పట్టడం. వాడుక ఆగిపోయాక కూడా ఈ పని ఆగదు.

దీవి దక్షిణాన సాన్ హోసే ఊళ్లో ఇదే సున్నపురాతితో చమోరో ప్రజలు ఐరోపావాళ్లు రాకముందే నిలిపిన భారీ స్తంభాలు ఉన్నాయి. తాగా ఇల్లు అంటారు. పన్నెండు స్తంభాల్లో ఇప్పుడు నిలబడి ఉన్నది ఒక్కటే. మిగతావి పడిపోయాయి గానీ రాయి మాత్రం చెక్కుచెదరలేదు.

ఇప్పుడు దీన్ని జపాన్‌వాళ్ల కట్టడాలతో పోల్చి చూడండి. రన్‌వేలకు దగ్గర్లోనే అడవిలో వాళ్ల పరిపాలనా భవనం, బాంబుల దాడి నుంచి తలదాచుకునే షెల్టర్లు ఉన్నాయి. మందపాటి గోడలు, లోపల ఇనుప చువ్వలు. బాంబులు, ఫిరంగులు తట్టుకునేలా కట్టినవి. యుద్ధాన్ని తట్టుకున్నవి కూడా ఉన్నాయి. తట్టుకోలేకపోతున్నది తమ లోపలి ఇనుమును.

ఇలాంటి షెల్టరు లోపలికి వెళ్లి టార్చి వేసి కప్పు చూస్తే ఏం కనిపిస్తుందంటే, చువ్వలున్న వరస వెంబడే పగుళ్లు. పగుళ్ల చుట్టూ గోధుమరంగు మరకలు. కొన్నిచోట్ల అరచేతి మందాన పెచ్చు ఊడి కింద పడి ఉంటుంది. ఊడినచోట చువ్వ బయటపడి, పొరలుపొరలుగా ఉబ్బి ఉంటుంది. వేలితో గీకితే రేకులు రాలతాయి. తాజా కాంక్రీటు తీవ్రమైన క్షారం. పీహెచ్ 13 దాకా ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము మీద కంటికి కనిపించని పలచటి రక్షణ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. రెండు వైపుల నుంచి ఈ రక్షణ చెడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ క్షారాన్ని చంపేస్తుంది. పీహెచ్ 9 దగ్గరికి దిగితే పొర పోయినట్టే. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పులోని క్లోరైడ్లు అంత తీరిగ్గా కూర్చోవు, పొరకు నేరుగా చిల్లులు పెడతాయి. ఇనుము తుప్పయ్యాక అది పుట్టిన ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. ఒక్కోసారి ఆరు రెట్ల దాకా. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచే చీలుతుంది.

తమాషా చూడండి: సున్నపు గోడను గట్టిపరిచే కార్బన్ డయాక్సైడే ఇక్కడ ఇనుప చువ్వల గోడను పడగొడుతోంది. రన్‌వేలో బిగువు తెచ్చిన ఉప్పే షెల్టరులో విషం. రన్‌వేలో తుప్పు పట్టడానికి ఏమీ లేదు కాబట్టి అది బతికిపోయింది. విశాఖలో, కాకినాడలో సముద్రం ఒడ్డున ఇల్లు కట్టినవాళ్లకు ఈ పెచ్చుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రన్‌వేలకు ఉత్తరాన చెట్ల మధ్య రెండు గుంటలున్నాయి. అద్దాల కప్పు వేసి ఉంటాయి. అణుబాంబులను విమానంలోకి ఎక్కించింది వీటిలోంచే. గుంట దేనికంటే, బి-29 పొట్ట నేలకు మరీ దగ్గర. హిరోషిమా బాంబు మూడు మీటర్ల పొడవు, 4,400 కిలోలు. నాగసాకి బాంబు అడ్డకొలతే మీటరున్నర. మామూలు బాంబుల్లా బండి మీద పెట్టి విమానం కిందకు తోయడం కుదరదు. కాబట్టి ముందు బాంబును గుంటలోని హైడ్రాలిక్ లిఫ్టు మీద పెట్టి కిందకు దించారు. తర్వాత విమానాన్ని వెనక్కి తోసుకుంటూ తెచ్చి, బాంబు అర తలుపులు సరిగ్గా గుంట మీదకు వచ్చేలా నిలిపారు. అప్పుడు లిఫ్టుతో మెల్లగా పైకి లేపి కొక్కేనికి తగిలించారు. గ్యారేజీలో కారును పైకెత్తే సూత్రమే. యుద్ధం తర్వాత పూడ్చేసిన ఈ గుంటలను అరవై ఏళ్ల స్మారక సందర్భానికి మళ్లీ తవ్వి తెరిచారు. అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగు గోడలు, లిఫ్టు ఇనుము. వాటి ముందు నిలబడి ఫొటో దిగే యాత్రికులను చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది. అయినా వాటిని కనపడకుండా పూడ్చేసి ఉంచడం కన్నా ఇదే నయం.

1945 ఆగస్టు 6 తెల్లవారుజాము 2:45కు పాల్ టిబెట్స్ నడిపిన ఎనోలా గే, హిరోషిమా బాంబును మోసిన బి-29, ఏబుల్ అనే రన్‌వే మీద పరుగు మొదలెట్టింది. విమానం బరువు సుమారు 68 టన్నులు, దానికి నిర్ణయించిన గరిష్ఠ పరిమితి కన్నా టన్నుల కొద్దీ ఎక్కువ. బాంబు బాధ్యత చూస్తున్న నౌకాదళ అధికారి విలియం పార్సన్స్ అంతకుముందే ఈ రన్‌వేల చివర బరువుకు లేవలేక కూలి, కాలిపోయిన బి-29లను చూశాడు. ఇది కూడా అలా కూలితే దీవిలో సగం లేచిపోతుందని భయపడ్డాడు. అందుకని మందు దట్టించకుండానే బాంబును ఎక్కించి, గాల్లోకి లేచాక ఆ ఇరుకు అరలో తన చేత్తోనే దట్టించాడు. ముందురోజు మధ్యాహ్నమంతా ఆ పని సాధన చేశాడు. పరుగు దూరానికీ బరువుకూ ఉన్న ఆ వర్గ సంబంధం అందరికన్నా బాగా తెలిసినవాడు అతనే కావచ్చు. విమానం రన్‌వేను దాదాపు చివరంటా వాడుకుని లేచింది. అక్కడ జరిగిన లెక్క తప్పలేదు. హిరోషిమాలో ఏం జరిగిందో లోకానికి తెలుసు.

యుద్ధం ముగిసింది. విమానాలు వెళ్లిపోయాయి. వెస్ట్ ఫీల్డ్ అనే రెండో స్థావరం తర్వాత దీవికి పౌర విమానాశ్రయమైంది. నార్త్ ఫీల్డ్‌ను వదిలేశారు. అప్పటికి దీవి మీద అడవి లేదు, చెరుకు తోటలు కాలిపోయాయి, నేలంతా బుల్డోజర్లు గీకేశాయి. గాలివానకు మట్టి కొట్టుకుపోకుండా ఏదో ఒకటి త్వరగా మొలవాలి. ఈ దీవుల్లో అమెరికన్లు విమానాల నుంచి ఒక మొక్క విత్తనాలు చల్లారు. స్థానికులు దాన్ని తంగన్‌తంగన్ అంటారు. శాస్త్రీయ నామం ల్యూసీనా ల్యూకోసెఫాలా. మన ఒంగోలు, నందిగామ రైతులను అడిగితే ఇంకో పేరు చెబుతారు: సుబాబుల్. భద్రాచలం, రాజమండ్రి కాగితం మిల్లులకు లోడ్లు లోడ్లుగా పోయే కర్ర, గిట్టుబాటు ధర కోసం రైతులు రోడ్డెక్కిన పంట.

పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. సున్నం ఎక్కువున్న నేలంటే దానికి ప్రాణం. వేళ్ల బుడిపెల్లో బాక్టీరియా నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి ఎరువు అడగదు. గింజ పెంకు ఎంత గట్టిదంటే మన రైతులు నాటే ముందు వేడినీళ్లలో వేస్తారు. అలా వదిలేస్తే నేలలో ఏళ్ల తరబడి చెడకుండా పడి ఉంటుంది. రన్‌వే మీద తారు పొర సంగతి ఇంతలో ఏమైందంటే, ఉష్ణమండలపు ఎండకు తారులోని జిగురు ఆక్సీకరణం చెంది పెళుసుబారింది. పెళుసుబారినది పగిలింది. పగుళ్లలో దుమ్ము చేరింది, రాలిన ఆకు చేరింది, గింజ చేరింది. వేరు పగులును వెడల్పు చేసింది. అయితే ఆ వేరు కింద బిగిసిన పగడపు పొరను తేలిగ్గా దాటలేదు. అందుకే చెట్లు అంచుల నుంచి, పగుళ్ల వెంట ముందుకు వచ్చాయి గానీ రన్‌వేలను ఒక్కసారిగా మింగలేకపోయాయి. పైనుంచి ఇప్పటికీ గీతలు కనిపించడానికి కారణం అదే.

ఇదేం అడవి అని పర్యావరణవేత్తలు మూతి ముడుస్తారు, సబబే. ఒకే జాతి, ఒకే ఎత్తు. పాత సున్నపురాతి అడవి దీవిలో కొండ అంచులకు పరిమితమైంది. దాని గింజలు మోసే పండ్ల గబ్బిలాలూ తగ్గిపోయాయి. నీడ పరిచేసిన సుబాబుల్ కింద స్థానిక మొక్క తలెత్తడం కష్టం. కానీ ఇక్కడొక మెలిక ఉంది. టినియన్ మోనార్క్ అని ఈ దీవికే చెందిన చిన్న పిట్ట ఒకటుంది. 1970లో అమెరికా దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో పెట్టింది. తర్వాత లెక్కపెట్టి చూస్తే పదుల వేలల్లో తేలింది. స్థానిక అడవి లేకపోతే పోనీ అని సుబాబుల్ తోపుల్లోనే గూళ్లు కట్టుకుని బతికేస్తోంది. 2004లో జాబితాలోంచి తీసేశారు. పరాయి చెట్టును నరికి పాత అడవిని తేవాలనుకునేవాళ్లు ఈ పిట్టను అడిగి మరీ నరకాలి.

నరికే పని ఇప్పుడు వేరే కారణంతో మొదలైంది. 2012లో అమెరికన్ మెరీన్లు విన్యాసాల కోసం బేకర్ అనే రన్‌వేను కొంత శుభ్రం చేసి విమానాలు దించారు. 2023 చివర్లో అమెరికన్ వైమానిక దళం నార్త్ ఫీల్డ్‌ను మళ్లీ వాడుకలోకి తెస్తామని ప్రకటించింది. ఆ తర్వాత అడవిని గీకి తారును బయటపెట్టే పని జోరందుకుంది. 1945లో ఒకే స్థావరంలో విమానాలను దూరదూరంగా నిలిపితే సరిపోయేది. చైనా క్షిపణుల కాలంలో స్థావరాలనే దూరదూరంగా, దీవికొకటి చొప్పున చెదరగొట్టాలని ఇప్పటి ఆలోచన. 2,590 మీటర్లు నేటి యుద్ధవిమానాలకూ రవాణా విమానాలకూ సరిపోయే పొడవే. చైనాకూ మరియానాలకూ మధ్య దూరం మారలేదు, వ్యాపార పవనాల దిక్కూ మారలేదు.

ఈ స్థలం 1985 నుంచి అమెరికా జాతీయ చారిత్రక చిహ్నాల్లో ఒకటి. పాత తళాలు, షెల్టర్లు ఏవి ఉంచాలి, ఏవి చదును చేయాలి అన్నది తేల్చుకుంటూ పోవాలి. పేలకుండా నేలలో ఉండిపోయిన మందుగుండు ఒక తలనొప్పి. రెండో తలనొప్పి ఒంగోలు రైతుకు బాగా తెలిసినదే. సుబాబుల్‌ను మొదలంటా కొట్టినా మోడు నుంచి పిలకలు వేస్తుంది. మన దగ్గర ఒకసారి నాటి రెండు మూడు కోతలు తీసుకోవడం అందువల్లే. టినియన్ కాంట్రాక్టరు ఆ మోళ్లను వేళ్లతో సహా పెకలించాలి. పెకలిస్తే పగుళ్లలో ఇరుక్కున్న వేరుతో పాటు తారు పెళ్లలు కూడా లేచివస్తాయి.